కుక్కర్ పేలినా, బ్యాటరీ అంటుకున్నా కంపెనీ నుంచి నష్టపరిహారం ఎలా తెచ్చుకోవాలి: మొదటి గంట నుంచి చేతికి డబ్బు వచ్చేదాకా

ఇంట్లో కుక్కర్ పేలి మొహం కాలినా, గీజర్ షాక్ కొట్టినా, ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ అంటుకున్నా మనవాళ్ళు ఎక్కువమంది చేసేది ఒకటే. హాస్పిటల్‌కి పరిగెత్తుతారు, అప్పో సప్పో చేసి బిల్లు కడతారు, మన టైమ్ బాలేదు అనుకుంటారు, ఆ తర్వాత కంపెనీ మనిషి వచ్చి పాడైపోయిన పీస్ పట్టుకెళ్ళి కొత్త పీస్ ఇస్తే అదే పదివేలు అనుకుని ఊరుకుంటారు. ఆ పాత పీస్ ఇచ్చేసిన నిమిషంలోనే సగం కేసు చేజారిపోతుంది, ఆ సంగతి చాలామందికి తెలీదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ఇది ఇండియాలో వాడుకలో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం రాసింది. ఈ చట్టం 2020 జులై నుంచి అమల్లోకి వచ్చింది. ఇందులో ఆరో చాప్టర్, అంటే సెక్షన్ 82 నుంచి 87 దాకా, మొత్తం ప్రోడక్ట్ లయబిలిటీ గురించే, అంటే లోపం ఉన్న వస్తువు వల్ల మనిషికో ఆస్తికో హాని జరిగితే ఎవరు కట్టాలి, ఎప్పుడు కట్టాలి అన్నదే. 1986 నాటి పాత చట్టంలో ఇలా విడిగా చాప్టర్ లేదు.

స్టెప్ 1: మొదటి రెండు మూడు రోజులు, ఇక్కడే కేసు నిలబడేది

ముందు ప్రాణం, ట్రీట్‌మెంట్, అందులో రెండో మాట లేదు. కానీ హాస్పిటల్లో చేరేటప్పుడు "ఎలా జరిగింది" అని అడిగితే సరిగ్గా చెప్పండి. "కిచెన్‌లో కాలింది" అని రాయించుకుని వచ్చేస్తారు చాలామంది, ఆరు నెలల తర్వాత కంపెనీ లాయర్ ఆ కాగితం చూపించి నూనె పడి కాలిందేమో అంటాడు. "ప్రెషర్ కుక్కర్ మూత పేలి కాలిన గాయాలు" అనో "ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ పేలి" అనో కేస్ షీట్‌లో పడాలి. గాయం పెద్దదైతే మెడికో లీగల్ కేసుగా నమోదు చెయ్యమని అడగండి, అప్పుడు పోలీసులకి ఇంటిమేషన్ వెళ్తుంది, తర్వాత వూండ్ సర్టిఫికెట్ కూడా వస్తుంది. ఆరోగ్యశ్రీలో ఫ్రీగా ట్రీట్‌మెంట్ అయినా సరే డిశ్చార్జ్ సమ్మరీ, టెస్ట్ రిపోర్టులు, ప్రిస్క్రిప్షన్లు అన్నీ దాచుకోండి, బిల్లు లేదు కదా కాగితాలెందుకు అనుకోవద్దు.

ఇంట్లో ఉన్న ఇంకొకరు ఈలోపు చెయ్యాల్సిన పని ఫోటోలు, వీడియో. తుడిచెయ్యకముందే తియ్యండి. గోడ మీద మరకలు, సీలింగ్‌కి తగిలిన చోటు, స్టవ్ పరిస్థితి, మూత ఎక్కడ పడింది, ప్లగ్ ఏ సాకెట్‌లో ఉంది, ఛార్జర్ ఏది. వస్తువు మీద ఉన్న లేబుల్, మోడల్ నంబరు, బ్యాచ్ నంబరు, ఐఎస్ఐ మార్కు ఉంటే దాని కింద సీఎం/ఎల్ అని ఉండే లైసెన్స్ నంబరు, పవర్ బ్యాంక్, మొబైల్ బ్యాటరీ లాంటి వాటికైతే ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు, ఇవన్నీ దగ్గరగా ఫోటో తీసుకోండి. ఐఎస్ఐ మార్కు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే లైసెన్స్ నిజంగా ఉందో లేదో తెలుస్తుంది. లేకపోతే అది మీకు చాలా బలమైన పాయింట్. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఇప్పుడు అసలు విషయం. పేలిన ముక్కలు, కాలిన ముక్కలు, రబ్బరు, సేఫ్టీ వాల్వ్, విజిల్, వైరు, స్క్రూలతో సహా ఏదీ పారెయ్యకండి, కడగకండి, రిపేర్ చేయించకండి. ఒక అట్టపెట్టెలో పెట్టి, టేప్ వేసి, ఇద్దరు సాక్షుల సంతకాలు టేప్ మీదకి వచ్చేలా పెట్టించి, తేదీ రాసి, అది కూడా ఫోటో తీసి పక్కన పెట్టండి. లిథియం బ్యాటరీ అయితే మాత్రం ఇంట్లో పెట్టుకోవద్దు, కాలినా మళ్ళీ అంటుకోవచ్చు, బయట గాలి తగిలే చోట, మండే సామాన్లకి దూరంగా ఉంచి ఫైర్ వాళ్ళనో పోలీసులనో స్వాధీనం చేసుకోమని రాతపూర్వకంగా అడగండి.

కంపెనీ వాళ్ళు "టెస్టింగ్‌కి పంపాలి, పీస్ ఇవ్వండి" అని వస్తారు. చాలా మర్యాదగా మాట్లాడతారు కూడా. చూడనివ్వండి, ఫోటోలు తీసుకోనివ్వండి, మీ ఎదురుగానే, కానీ వస్తువు ఇవ్వకండి. వినియోగదారుల కమిషన్ (కన్స్యూమర్ కోర్టు) ద్వారా ల్యాబ్‌కి వెళ్దాం అని చెప్పండి. వాళ్ళ ల్యాబ్‌లో వాళ్ళు టెస్ట్ చేస్తే రిపోర్ట్ ఎవరి వైపు వస్తుందో చెప్పక్కర్లేదు, పైగా తిరిగొచ్చింది మీ పీసేనా అని మీరు ఎలా నిరూపిస్తారు.

మంటలొస్తే ఫైర్ సర్వీస్ వాళ్ళకి ఫోన్ చెయ్యండి, మంట ఆరిపోయినా సరే చెప్పండి, తర్వాత వాళ్ళ రిపోర్ట్ కాపీకి అప్లై చేసుకోవచ్చు. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి, మనిషి చనిపోయినా తీవ్రంగా గాయపడినా ఎఫ్ఐఆర్ కోసం పట్టుబట్టండి. కరెంటు షాక్ అయితే విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 161 కింద ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ విచారణ చెయ్యొచ్చు, ఆ రిపోర్ట్ చాలా పనికొస్తుంది, ఎందుకంటే తప్పు ఇంటి వైరింగ్‌దా వస్తువుదా అన్న గొడవ అక్కడే తేలిపోతుంది.

గ్యాస్ సిలిండర్ ప్రమాదమైతే ఒక విషయం వేరుగా చెప్పాలి. మీ పేరు మీద ఉన్న ఎల్పీజీ కనెక్షన్‌కి ఆయిల్ కంపెనీలు తీసుకున్న పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ ఉంటుంది, మీరు ప్రీమియం కట్టక్కర్లేదు. మనిషి చనిపోతే ఒక్కొక్కరికి 6 లక్షలు, వైద్య ఖర్చులు ఒక్కొక్కరికి 2 లక్షల దాకా (ఒక ప్రమాదం మొత్తానికి 30 లక్షలు మించకుండా), రిజిస్టర్ అయిన అడ్రస్‌లో ఆస్తి నష్టానికి 2 లక్షల దాకా. వెంటనే డిస్ట్రిబ్యూటర్‌కి రాతపూర్వకంగా చెప్పాలి, ఎఫ్ఐఆర్ కాపీ, మెడికల్ కాగితాలు ఇవ్వాలి. ఇది వేరు, లోపం ఉన్న రెగ్యులేటర్ మీదో పైపు మీదో వేసే కన్స్యూమర్ కేసు వేరు.

స్టెప్ 2: మీకు కేసు వేసే హక్కు ఉందా చూసుకోవడం

బిల్లు ఎవరి పేరు మీద ఉంది అన్నది పెద్ద అడ్డంకి కాదు. కొన్నవాళ్ళ అనుమతితో వాడుతున్నవాళ్ళు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. అల్లుడు కొనిచ్చిన కుక్కర్ అత్తగారు వాడుతుంటే పేలింది, ఆవిడ వెయ్యొచ్చు. చిన్నపిల్లలైతే తల్లిదండ్రులో గార్డియనో, మనిషి చనిపోతే వారసులు వేస్తారు.

తిరగమ్ముకోడానికో పెద్ద వ్యాపారానికో కొన్న వస్తువైతే కుదరదు, కానీ సొంతంగా జీవనోపాధి కోసం వాడుకునేవాళ్ళకి మినహాయింపు ఉంది. భార్యాభర్తలిద్దరే నడుపుకునే టిఫిన్ సెంటర్‌లో గ్రైండర్ షాక్ కొడితే ఆ మినహాయింపు అడగొచ్చు. హోటల్లో జీతానికి పనిచేసే వంటమనిషికి గాయమైతే మాత్రం ముందు చూడాల్సింది సామాజిక భద్రతా కోడ్ 2020 (2025 నవంబర్ దాకా ఇది ఉద్యోగుల పరిహార చట్టం 1923 కింద ఉండేది), అది యజమాని మీద లేబర్ డిపార్ట్‌మెంట్ దగ్గర వేసే క్లెయిమ్.

బిల్లు పోయిందా? యూపీఐ ఎంట్రీ, కార్డు స్టేట్‌మెంట్, ఆర్డర్ హిస్టరీ, వారంటీ రిజిస్ట్రేషన్ మెసేజ్, షాపువాడితో వాట్సాప్ చాట్, ఏదో ఒకటి దొరుకుతుంది. ఆన్‌లైన్ ఆర్డర్ అయితే అందులో అమ్మకందారు పేరు ఉన్న పేజీ ఇవాళే సేవ్ చేసుకోండి, లిస్టింగ్ తీసేశాక వెతికితే దొరకదు.

స్టెప్ 3: ఏ గ్రౌండ్ మీద అడుగుతున్నారో తేల్చుకోవడం

ఇదే గుండెకాయ, కాస్త ఓపిగ్గా చదవండి. ఫిర్యాదులో "నాసిరకం వస్తువు అమ్మి మోసం చేశారు" అని రెండు పేజీలు రాస్తారు, కానీ చట్టంలో ఏ కారణం కిందకి వస్తుందో రాయరు. సెక్షన్ 84 కింద తయారీదారు మీద ఐదు కారణాలు ఉన్నాయి, ఒకటి నిరూపించినా చాలు, రెండు మూడు కలిపి కూడా చెప్పొచ్చు.

ఒకటి, తయారీలో లోపం. డిజైన్ బాగానే ఉంది, మిగతా పీసులు బాగానే ఉన్నాయి, మీకొచ్చిన దానిలో తేడా ఉంది. హ్యాండిల్ రివిట్ సరిగ్గా పడలేదు, మూత లాక్ దగ్గర మెటల్‌లో చీలిక ఉంది, ఐరన్ బాక్స్‌లో ఎర్త్ వైరు కలపలేదు. దీనికి పేలిన పీసే సాక్ష్యం, అందుకే పైన అంతలా చెప్పింది.

రెండు, డిజైన్‌లోనే లోపం. ఆ మోడల్ అంతా అంతే. లోపల ప్రెషర్ ఉండగానే మూత తెరుచుకునే కుక్కర్, ఛార్జ్ నిండినా, వేడెక్కినా కట్ అవ్వని బ్యాటరీ ప్యాక్. ఇలాంటప్పుడు అదే మోడల్ మీద వేరేవాళ్ళ ఫిర్యాదులు, కంపెనీ రీకాల్ చేసిన వార్తలు సేకరించి పెట్టుకోండి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్ళల్లో ఛార్జింగ్ పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు, మనకి అందరికీ గుర్తుంది. ఆ ఏడాదే కేంద్రం ఏఐఎస్ 156 అనే బ్యాటరీ సేఫ్టీ ప్రమాణాలని బిగించి, 2022 డిసెంబర్ నుంచి దశలవారీగా అమల్లోకి తెచ్చింది. మీ బండి ఏ నెలలో తయారైంది, అప్పటికి ఏ ప్రమాణం వర్తిస్తుంది అన్నది ఇలాంటి కేసులో మొదట చూడాలి.

మూడు, తయారీ స్పెసిఫికేషన్ నుంచి పక్కకి పోవడం. వాళ్ళు ఒప్పుకున్న కొలత ఒకటి, వచ్చింది ఇంకోటి. ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్లకి ఐఎస్ 2347 ప్రమాణం 2021 ఫిబ్రవరి 1 నుంచి తప్పనిసరి. ఐఎస్ఐ మార్కు లేకుండా కుక్కర్ అమ్మడమే తప్పు. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ప్రమాణాలు పాటించని కుక్కర్లు తమ సైట్ మీద అమ్మనిచ్చినందుకు అమెజాన్‌కి, ఫ్లిప్‌కార్ట్‌కి చెరో లక్ష జరిమానా వేసింది, అమెజాన్‌లో అమ్మిన 2,265 కుక్కర్లు, ఫ్లిప్‌కార్ట్‌లో అమ్మిన 598 కుక్కర్లు కొన్నవాళ్ళకి చెప్పి వెనక్కి తీసుకుని డబ్బు ఇచ్చెయ్యమంది. మీ దగ్గరున్నది మార్కు లేని కుక్కరైతే ఈ విషయం ఫిర్యాదులో తప్పకుండా రాయండి.

నాలుగు, ఎక్స్‌ప్రెస్ వారంటీ. అంటే వాళ్ళు నోటితోనో, ప్యాకెట్ మీదో, యాడ్‌లోనో ఖచ్చితంగా ఇచ్చిన మాట. షాక్ ప్రూఫ్ అన్నారు, షాక్ కొట్టింది. వాటర్‌ప్రూఫ్ ఛార్జర్ అన్నారు, వానకి తడిసి కాలింది. ఇక్కడ ఒక గొప్ప సంగతి ఉంది, సెక్షన్ 84(2) ప్రకారం ఆ మాట ఇవ్వడంలో తమ నిర్లక్ష్యం గానీ మోసం గానీ లేదని కంపెనీ నిరూపించినా సరే బాధ్యత తప్పదు. అందుకే అట్టపెట్టె, మాన్యువల్, యాడ్ స్క్రీన్‌షాట్ దాచుకోమనేది.

ఐదు, సరైన వాడకం సూచనలు లేకపోవడం, తప్పుగా వాడితే ఏమవుతుందో హెచ్చరిక లేకపోవడం. వస్తువు బాగానే ఉండొచ్చు, కానీ రబ్బరు ఎన్నాళ్ళకి మార్చాలో, ఎంత వరకు నింపాలో, ఏ ఛార్జర్ వాడకూడదో చెప్పలేదు. అయితే అందరికీ తెలిసిన, కళ్ళకి కనిపించే ప్రమాదానికి హెచ్చరిక లేదని అడిగితే సెక్షన్ 87 కింద నిలబడదు. కత్తి కోస్తుందని రాయలేదు అంటే కమిషన్ వినదు.

ఇవి తయారీదారు మీద. తన ఫ్యాక్టరీ లేకపోయినా ఇంకొకరు చేసిన దానికి తన బ్రాండ్ వేసుకుని అమ్మితే ఆ బ్రాండ్ కంపెనీ కూడా తయారీదారే అవుతుంది, "మేము జస్ట్ మార్కెటింగ్ అండి" అంటే కుదరదు.

షాపువాడి మీద, ఆన్‌లైన్ అమ్మకందారు మీద, దిగుమతి చేసినవాడి మీద వేరే కారణాలు, సెక్షన్ 86. డిజైన్‌లోనో టెస్టింగ్‌లోనో ప్యాకింగ్‌లోనో గట్టి కంట్రోల్ అతనిదే అయి ఉండాలి, లేదా అతనే మార్పులు చేసి ఆ మార్పే హానికి పెద్ద కారణమై ఉండాలి, లేదా కంపెనీ ఇచ్చినదానికి వేరుగా తనే గ్యారంటీ ఇచ్చి ఉండాలి, లేదా బిగించడంలో చూసుకోవడంలో జాగ్రత్త తీసుకోకపోవడం, కంపెనీ పంపిన హెచ్చరికలు మీకు చెప్పకపోవడం. అన్నిటికన్నా మనకి పనికొచ్చేది ఇంకోటి ఉంది: తయారీదారు ఎవరో తెలీకపోయినా, తెలిసినా అతనికి నోటీసు అందించలేకపోయినా, మన దేశ చట్టం అతనికి వర్తించకపోయినా అమ్మినవాడే బాధ్యుడు. పేరు ఊరు లేని చైనా ఛార్జర్ కొని చెయ్యి కాలినవాళ్ళు "ఎవరి మీద వెయ్యాలి" అని వదిలేస్తుంటారు. అమ్మినవాడి మీద వెయ్యండి.

ఇన్‌స్టాల్ చేసినవాళ్ళు, సర్వీస్ చేసినవాళ్ళ మీద సెక్షన్ 85. గీజర్ బాగానే ఉంది, ఇంటికొచ్చిన మెకానిక్ ఎర్తింగ్ చూడకుండా బిగించాడు అంటే అది ఇక్కడికి వస్తుంది. అనుమానం ఉంటే ముగ్గురినీ పార్టీలుగా చేర్చండి, ఎవరి తప్పు ఎంత అన్నది వాళ్ళు వాళ్ళు తేల్చుకుంటారు.

స్టెప్ 4: కంపెనీ ఏమంటుందో ముందే ఆలోచించుకోవడం

కుక్కర్ కేసుల్లో కంపెనీలు మొదట అనే మాట, డూప్లికేట్ రబ్బరు వాడారు, డూప్లికేట్ సేఫ్టీ వాల్వ్ వేశారు, వెయిట్ పెట్టే గొట్టం మూసుకుపోయింది శుభ్రం చెయ్యలేదు. బ్యాటరీ కేసుల్లో అయితే వేరే ఛార్జర్ వాడారు, బయట మెకానిక్ చేత విప్పించారు. సెక్షన్ 87(1) ప్రకారం హాని జరిగే సమయానికి వస్తువుని తప్పుగా వాడి ఉంటే, మార్చి ఉంటే అమ్మకందారు మీద కేసు నిలవదు. ఆ వాక్యం అమ్మకందారు గురించే ఉన్నా తయారీదారు కూడా అదే పాట పాడతాడు. కాబట్టి స్పేర్ పార్టుల బిల్లులు, సర్వీస్ జాబ్ కార్డులు ఉంటే వెతికి తియ్యండి. నిజంగానే బయట రబ్బరు వేసి ఉంటే దాచొద్దు, లాయర్‌కి ముందే చెప్పండి, పేలడానికి కారణం ఆ రబ్బరు కాకుండా మూత లాక్ విరగడం అయితే ఆ వాదన వేరుగా ఉంటుంది. అబద్ధం చెప్పి ల్యాబ్ రిపోర్ట్‌లో దొరికిపోతే మిగతా నిజాలు కూడా ఎవరూ నమ్మరు.

ఇంకో మాట వస్తుంది, "మీరు టెక్నికల్‌గా నిరూపించండి" అని. దీనికి 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన హ్యుందాయ్ క్రెటా తీర్పు గుర్తుపెట్టుకోండి. యాక్సిడెంట్‌లో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు, కొన్నాయన కేసు వేశాడు, కంపెనీ ఏమో ఎంత వేగంతో ఎంత బలంతో గుద్దుకుంటే తెరుచుకుంటాయో లెక్కలు చెప్పింది. వేగం, బలం లెక్కలు కట్టడానికి కొనేవాడు ఫిజిక్స్ నిపుణుడు కానక్కర్లేదు అన్నట్టుగా కోర్టు చెప్పింది, బండి మార్చి ఇవ్వాలని, పరిహారం కట్టాలని కింది ఆర్డర్లని నిలబెట్టింది. ఎదుటి నుంచి గుద్దుకున్నప్పుడు తెరుచుకోవాల్సిన బ్యాగు తెరుచుకోలేదు అంటే అదే మాట్లాడుతుంది, వేరే సాక్ష్యం ఎందుకు అన్న లైన్ అది. పేలిన కుక్కర్‌కి కూడా మీ లాయర్ ఇదే లైన్ తీసుకోవచ్చు.

వారంటీ కార్డు వెనక చిన్న అక్షరాల్లో "వివాదాలు ఢిల్లీ కోర్టుల్లోనే", "ఆర్బిట్రేషన్‌కే వెళ్ళాలి" అని ఉంటే భయపడకండి. మీరు ఉండే చోట, పనిచేసే చోట ఉన్న జిల్లా కమిషన్‌లోనే వేసుకునే హక్కు సెక్షన్ 34 ఇచ్చింది, ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్నా కన్స్యూమర్ కేసుకి అడ్డం కాదని సుప్రీంకోర్టు 2018లో తేల్చేసింది.

స్టెప్ 5: ఎంత అడగాలి, లెక్క ఎలా కట్టాలి

చట్టంలో హాని అంటే నాలుగు: ఆ వస్తువు కాకుండా వేరే ఆస్తికి నష్టం, శరీరానికి గాయమో జబ్బో మరణమో, దానితో వచ్చే మానసిక క్షోభ, జీవిత భాగస్వామి తోడు, సేవలు కోల్పోవడం లాంటి నష్టం. వస్తువుకి జరిగిన నష్టం, వ్యాపార నష్టం ఈ చాప్టర్‌లో రావు. వస్తువు డబ్బు వెనక్కి కావాలంటే సెక్షన్ 39 కింద లోపం ఉన్న వస్తువు ధర వాపసు అని అదే ఫిర్యాదులో విడిగా అడగాలి. ఇది మర్చిపోయేవాళ్ళు ఎక్కువ.

ఒక ఊహా లెక్క చూద్దాం. 34 ఏళ్ళ అక్క, టైలరింగ్ చేసి నెలకి 15 వేలు సంపాదిస్తుంది, 2,400 రూపాయల కుక్కర్ పేలి కుడిచెయ్యి కాలింది, వేళ్ళు పూర్తిగా ముడుచుకోవట్లేదు, డాక్టర్లు 20 శాతం వైకల్యం రాశారు. హాస్పిటల్ బిల్లులు 85 వేలు, ముందు ముందు చర్మం ఆపరేషన్‌కి హాస్పిటల్ ఇచ్చిన ఎస్టిమేట్ 1,20,000, నాలుగు నెలలు పని లేక పోయింది 60 వేలు, ఆటోలు, తోడున్న మనిషి ఖర్చు 20 వేలు. శాశ్వతంగా తగ్గిన సంపాదన 15 వేలలో 20 శాతం అంటే నెలకి 3 వేలు, ఏడాదికి 36 వేలు. రోడ్డు ప్రమాదాల కేసుల్లో 2009 నుంచి సుప్రీంకోర్టు వాడుతున్న టేబుల్ ప్రకారం 31 నుంచి 35 ఏళ్ళ వాళ్ళకి 16తో గుణిస్తారు, అలా 5,76,000. కన్స్యూమర్ కమిషన్ ఆ టేబుల్ పాటించే తీరాలని లేదు, కానీ నోటికొచ్చిన అంకె చెప్పేకన్నా లెక్క కట్టి చూపిస్తే వినేవాళ్ళకి పట్టు దొరుకుతుంది. మానసిక క్షోభకి 2 లక్షలు. మొత్తం 10,61,000, దాని మీద కేసు ఖర్చులు, కుక్కర్ ధర, వడ్డీ. టైలర్‌కి కుడిచేతి వేళ్ళు అంటే 20 శాతం కన్నా ఎక్కువే పోయినట్టు కదా, ఆ వాదన కూడా రాయండి, శరీరంలో ఎంత పోయింది అన్నదాని కన్నా చేసే పనిలో ఎంత పోయింది అన్నది పెద్దది.

వైకల్యానికి సదరం సర్టిఫికెట్ గానీ ప్రభుత్వ మెడికల్ బోర్డు సర్టిఫికెట్ గానీ తీసుకోండి. సంపాదనకి కాగితాలు లేకపోతే రెగ్యులర్ కస్టమర్ల అఫిడవిట్లు, యూపీఐ రిసీట్లు పెట్టొచ్చు.

స్టెప్ 6: నోటీసు

చట్టంలో లీగల్ నోటీసు తప్పనిసరి అని లేదు, కానీ పంపడం మంచిది, స్పీడ్ పోస్టులో, ఈమెయిల్‌లో కూడా. సింపుల్‌గా ఇలా ఉంటే చాలు:

"ఫలానా తేదీన మీ కంపెనీ తయారు చేసిన ఫలానా మోడల్ కుక్కర్ (బ్యాచ్ నంబరు ఇది) ఫలానా షాపులో 2,400 రూపాయలకి కొన్నాము. మాన్యువల్‌లో చెప్పినట్టే వాడుతుండగా ఫలానా తేదీ ఉదయం మూత లాక్ విరిగి పేలింది. నాకు కుడిచేతికి తీవ్రంగా కాలిన గాయాలయ్యాయి. ఇది వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 84 కింద తయారీ లోపం, డిజైన్ లోపం. వస్తువు సీల్ చేసి నా దగ్గర భద్రంగా ఉంది, నా సమక్షంలో పరిశీలించుకోవచ్చు. ఈ నోటీసు అందిన 15 రోజుల్లో ఇంత మొత్తం చెల్లించాలి, లేకపోతే జిల్లా కమిషన్‌ని ఆశ్రయిస్తాను."

ఈలోపు నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫిర్యాదు చెయ్యొచ్చు. వాళ్ళు కంపెనీతో మాట్లాడి పెడతారు, ఆర్డర్ ఇచ్చే అధికారం వాళ్ళకి లేదు. అక్కడ తిరుగుతున్నంత కాలం కేసు గడువు ఆగదు, ఇది బాగా గుర్తుంచుకోండి.

కంపెనీ సెటిల్‌మెంట్‌కి వస్తే తప్పేం లేదు, నాకు మటుకు సరైన మొత్తం వస్తే సెటిల్ అవ్వడమే మేలు అనిపిస్తుంది. కానీ గాయం ఇంకా మానకముందే "ఫుల్ అండ్ ఫైనల్" అని రాసున్న కాగితం మీద సంతకం పెట్టకండి. రెండో ఆపరేషన్ అవసరమా లేదా డాక్టర్ తేల్చాకే అంకె మాట్లాడండి.

స్టెప్ 7: కేసు వెయ్యడం

గడువు రెండేళ్ళు, సెక్షన్ 69. ప్రమాదం జరిగిన రోజు నుంచి లెక్క వేసుకోండి. దాటిపోతే సరైన కారణం చూపించి ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు, కానీ దాని మీద ఆధారపడొద్దు.

ఏ కమిషన్‌లో వెయ్యాలి అన్నది మీరు అడిగే పరిహారం బట్టి ఉండదు, వస్తువుకి మీరు కట్టిన ధర బట్టి ఉంటుంది. 50 లక్షల దాకా జిల్లా కమిషన్, 50 లక్షల పైన 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, ఆ పైన జాతీయ కమిషన్. కారులో మంటలొచ్చి మనిషి చనిపోతే కుటుంబం 50 కోట్లకు పైగా పరిహారం అడిగిన కేసులో, ధర బట్టి చూసే ఈ పద్ధతి సరైనదేనని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే కుక్కర్, గీజర్, స్కూటర్ కేసులన్నీ మీ జిల్లాలోనే. ఫీజు కూడా ధర బట్టే, 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు అసలు లేదు. పది లక్షలు అడిగినా సున్నా. డబ్బులవుతాయని ఆగిపోయేవాళ్ళు ఇది చదవాలి.

ఫిర్యాదు, దానితో అఫిడవిట్, డాక్యుమెంట్ల లిస్టు, కాపీలు, ఇవే కావాల్సినవి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో వెయ్యొచ్చు, లేదా నేరుగా కమిషన్ ఆఫీసుకి వెళ్ళి ఇవ్వొచ్చు. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. అయినా గాయం పెద్దదైతే, ఎదురుగా పెద్ద కంపెనీ ఉంటే లాయర్ ఉండటమే మంచిదని నా అభిప్రాయం. ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా, ఎస్సీ, ఎస్టీ వాళ్ళకి కూడా, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఫ్రీగా లాయర్‌ని ఇస్తుంది, సాధారణంగా జిల్లా కోర్టు కాంప్లెక్స్‌లోనే ఆఫీసు ఉంటుంది, వెళ్ళి అప్లికేషన్ పెట్టండి.

ఫిర్యాదుతో పాటే ఇంకో పిటిషన్ వెయ్యండి, సెక్షన్ 38(2)(సి) కింద వస్తువుని ల్యాబ్‌కి పంపమని. కమిషన్ వస్తువుని సీల్ చేసి గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపుతుంది, 45 రోజుల్లో రిపోర్ట్ రావాలని చట్టంలో ఉంది. ల్యాబ్ ఫీజు ముందు మీరు డిపాజిట్ చెయ్యమంటారు, కేసు ఖర్చుల్లో కలిపి అడగండి. రిపోర్ట్ మీకు వ్యతిరేకంగా వస్తే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఉంది.

స్టెప్ 8: వాయిదాలు, ఆర్డర్, వసూలు

ఫిర్యాదు తీసుకోవాలా వద్దా అన్నది మామూలుగా 21 రోజుల్లో తేలాలి. నోటీసు అందాక కంపెనీకి జవాబు ఇవ్వడానికి 30 రోజులు, పైన ఇంకో 15 రోజులు, అంతకు మించి కమిషన్ కూడా పొడిగించలేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో చెప్పింది. కాబట్టి 46వ రోజున కంపెనీ జవాబు పట్టుకొస్తే అభ్యంతరం చెప్పండి. చట్టం ప్రకారం టెస్టింగ్ లేని కేసు 3 నెలల్లో, ఉన్నది 5 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. నిజంలో ఇంతకన్నా ఎక్కువే పడుతుంది, మానసికంగా సిద్ధంగా ఉండండి. దూరం నుంచి వచ్చేవాళ్ళు, కాలిన గాయాలతో తిరగలేనివాళ్ళు వీడియో కాన్ఫరెన్స్‌లో విచారణ అడగొచ్చు. ట్రీట్‌మెంట్‌కి డబ్బు అత్యవసరమైతే మధ్యంతర ఆర్డర్ అడగడానికి సెక్షన్ 38(8) ఉంది.

తినే వస్తువు వల్ల హాని అయితే ఇదే కాకుండా ఆహార భద్రత చట్టం 2006 సెక్షన్ 65 కూడా చూడండి, మరణానికి కనీసం 5 లక్షలు, తీవ్ర గాయానికి 3 లక్షల దాకా, మిగతా గాయాలకి లక్ష దాకా అందులో ఉంది.

మీరు గెలిస్తే కంపెనీ 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కి అప్పీల్‌కి వెళ్ళొచ్చు, కానీ ముందు ఆర్డర్ మొత్తంలో సగం డిపాజిట్ చెయ్యాలి. మీరు ఓడిపోయినా, వచ్చిన మొత్తం తక్కువ అనిపించినా అదే 45 రోజుల్లో మీరూ వెళ్ళొచ్చు, మీకు డిపాజిట్ లేదు.

అప్పీల్ లేకుండా డబ్బూ కట్టకపోతే రెండు దారులు. సెక్షన్ 71 కింద సివిల్ కోర్టు డిక్రీ లాగా వసూలు, అంటే బ్యాంకు అకౌంట్, ఆస్తి జప్తు దాకా. సెక్షన్ 72 కింద శిక్ష, నెల నుంచి మూడేళ్ళ దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ చేతికి రాగానే కంపెనీకి ఒక లెటర్‌తో పంపించండి, ఆర్డర్‌లో ఇచ్చిన గడువు దాటిన మర్నాడే ఎగ్జిక్యూషన్ పిటిషన్, అంటే ఆర్డర్ అమలు చేయించమని అడిగే పిటిషన్ వెయ్యండి, మీ బ్యాంకు అకౌంట్ వివరాలు, అప్పటిదాకా అయిన వడ్డీ లెక్క దానికి జత చెయ్యండి. సీల్ వేసిన ఆ అట్టపెట్టెని మాత్రం అప్పీల్ గడువు పూర్తిగా అయిపోయేదాకా కదిలించకండి.